మారుమోగడం వేరు, ప్రతిధ్వనించడం వేరు

సందేహం: ‘చప్పట్లతో హాలు మారుమోగింది’ అని రాస్తే ఒకరు ‘మారుమ్రోగింది’ అని దిద్దారు. ఇంకొకరు ‘మార్మోగింది’ అంటున్నారు. ఏది ఒప్పు? ‘ప్రతిధ్వనించింది’ అన్నా ఇదే అర్థమా? ‘ఎక్కడ చూసినా ఆయన పేరే మారుమోగుతోంది’ అంటుంటారు. పేరు మోగడమేమిటి?

సమాధానం: దిద్దినాయన చెప్పిన రూపం తప్పు కాదు గానీ, మీది దిద్దాల్సిన తప్పూ కాదు. మ్రోగు పాత రూపం. వాడుకలో ఆ ర-వత్తు ఎప్పుడో జారిపోయి మోగు అయింది. మ్రొక్కు మొక్కు అయినట్టు, మ్రాను మాను అయినట్టు, ప్రొద్దు పొద్దు అయినట్టు. ‘పొద్దున్నే లేచాను’ అని రాసేవారు మోగు దగ్గర మాత్రం ర-వత్తు కోసం పట్టుబట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. పద్యంలోనైతే మారుమ్రోగు బాగుంటుంది. ఇక మార్మోగు అంటారా, మధ్యలో ఉకారం పోయిందంతే. కూరుచుండు కూర్చుండు కాలేదూ? అదీ ఒప్పే.

ఇందులో మారు అంటే బదులు, రెండవది, తిరిగి వచ్చేది. మారుమాట, మారుపేరు, మారుతాళంలో ఉన్నది ఇదే. ఆ లెక్కన మారుమోగు అంటే తిరిగి మోగడం, అంటే అచ్చంగా ప్రతిధ్వనే. ‘ప్రతి’ చేసే పనిని తెలుగులో ‘మారు’ చేస్తోంది. (అమరకోశంలో ఉన్నది ప్రతిధ్వానం, దానికి పర్యాయం ప్రతిశ్రుత్తు. రెండోదాన్ని తెలుగువాళ్లు పెద్దగా పట్టించుకోలేదు, నోరు తిరగకనేమో!)

పుట్టుకలో ఒకటే అయినా వాడుకలో రెండూ విడిపోయాయి. కొండకు ఎదురుగా నిలబడి ‘ఓయ్’ అని అరవండి. మీ ‘ఓయ్’ అయిపోయాక, కాస్త ఆగి, ఇంకో ‘ఓయ్’ విడిగా వినిపిస్తుంది. అది ప్రతిధ్వని. సామానంతా తీసేసిన గదిలో అదే కేక వేయండి. రెండో ‘ఓయ్’ వినపడదు, మొదటిదానికే తోక సాగినట్టు గదంతా గుంయ్‌మంటుంది. అది మారుమోగడం. తేడా దూరంలో ఉంది. విన్న శబ్దం సెకనులో పదో వంతు సేపు మన చెవిలో నిలుస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు, అంటే ఆ పదో వంతులో 34 మీటర్లు పోతుంది. గోడ దాకా పోయి తిరిగి రావాలి కాబట్టి, ఎదుటి గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉంటేనే తిరిగొచ్చిన శబ్దం విడిగా తెలుస్తుంది. ఇంకా దగ్గరైతే రెండూ కలిసిపోతాయి. ఈ లెక్కలేవీ చూసుకోకుండానే జనం రెండు మాటల్నీ ఇంత సరిగ్గా వేరు చేసుకున్నారు.

అందుకే చప్పట్లతో హాలు మారుమోగుతుంది. ‘చప్పట్లు మారుమోగాయి’ అన్నా సరే, మోగేది చోటైనా కావచ్చు, శబ్దమైనా కావచ్చు. ‘తిరిగి మారుమోగింది’ అని మాత్రం రాయకండి, ఆ తిరగడం మారులోనే ఉంది. పిక్కటిల్లడం సంగతి వేరు. దానికి దిక్కులే కావాలి. ‘హాలు పిక్కటిల్లింది’ అంటే నవ్వుతారు. గింగురుమనేవి చెవులు.

పేరు సంగతికొస్తే, నలుగురు అన్నది నలభైమంది అంటుంటే ఏ మూల విన్నా అదే వినిపిస్తుంది గదా, గదంతా శబ్దం నిండినట్టు. కనుక పేరు మారుమోగవచ్చు. ‘పేరు ప్రతిధ్వనించింది’ అంటే మాత్రం నా చెవికి అతకదు. ప్రజల గోడు సభలో ప్రతిధ్వనించింది అనండి, ఒకచోటి మాట మరోచోట వినిపించింది కాబట్టి చక్కగా నప్పుతుంది.

ఫోన్‌లో ‘ఎకో వస్తోంది’ అంటామే, దానికి తెలుగేమిటని కూడా అడిగారు. అక్కడ మారుమోగు పనికిరాదు. ప్రతిధ్వని అర్థానికి సరిపోతుంది గానీ ఫోన్ చెవిన పెట్టుకుని ఎవరూ అలా అనరు. ‘నా మాట నాకే వినబడుతోందండీ’ అంటారు. నేనూ అదే అంటాను.