డాక్టర్ సలహా: మా వారు రాత్రంతా ఆన్‌లైన్‌లో కొంటూనే ఉన్నారు.. ఎలా మాన్పించాలి?

ప్రశ్న: మా వారికి 61 ఏళ్లు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రూపాయి తీయాలంటే పదిసార్లు ఆలోచించే మనిషి. అలాంటిది అయిదారు నెలలుగా ఫోన్‌లో ఏది కనిపిస్తే అది ఆర్డర్ పెడుతున్నారు. పదకొండు చేతి వాచీలు, ఒకే రకం స్క్రూడ్రైవర్ సెట్లు మూడు కొన్నారు. విప్పని పార్సిళ్లు మంచం కింద ఉన్నాయి. అడిగితే ‘సేల్‌లో వచ్చింది’ అంటారు, రెట్టించి అడిగితే కసురుకుంటారు. పెన్షన్‌లో సగం దీనికే పోతోంది. రాత్రి రెండింటిదాకా పడుకోరు. పార్కిన్సన్స్‌కి మూడేళ్లుగా మందులు వాడుతున్నారు, అక్కడ ఇబ్బందేమీ లేదు. వణుకు ఎక్కువైందని ఈ మధ్య ఆయనే డోసు పెంచుకున్నారు, దూలగొండి పొడి తెప్పించుకుని పాలలో వేసుకుంటున్నారు. చీటీ ఫోటో పంపుతున్నాను. మా అబ్బాయి ఆ మందులన్నీ ఆపేయమంటున్నాడు. ఫోన్‌లో యాప్‌లు తీసేస్తే సరిపోతుందా? కౌన్సెలింగ్ ఎక్కడ ఇప్పించాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీరు యాప్‌ల గురించి అడిగారు. నేను మాత్రల గురించి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. ‘అక్కడ ఇబ్బందేమీ లేదు’ అని మీరు దాటేశారు చూశారా, ఇబ్బంది అక్కడే ఉందేమోనని నా అనుమానం.

మీరు పంపిన చీటీలో ప్రమిపెక్సోల్ ఉంది, 0.5 మిల్లీగ్రాములు, మూడు పూటలా. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గడం వల్ల పార్కిన్సన్స్ వస్తుందని మీకు తెలిసే ఉంటుంది. ఈ మందు డోపమైన్ చేసే పనిని తాను చేస్తుంది. అయితే కదలికలను నడిపే భాగం దగ్గరే ఆగదు. ఏదైనా దొరికినప్పుడు ‘బాగుంది, ఇంకొకటి కావాలి’ అనిపించే భాగాన్నీ తడుతుంది. కొందరిలో అక్కడ బ్రేకు పడదు. పేకాట, కొనుగోళ్లు, తిండి, లైంగిక కోరికలు, ఏదో ఒకటి హద్దు దాటుతుంది. అమెరికా, కెనడాల్లో 3,090 మంది పార్కిన్సన్స్ రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఇలాంటి సమస్యలు 13.6 శాతం మందిలో కనిపించాయి. అదుపులేని కొనుగోళ్లు ఒక్కటే 5.7 శాతం. ఈ రకం మందులు వాడేవారిలో ఇలాంటి సమస్యలన్నీ కలిపి 17 శాతం దాకా ఉంటే, వాడనివారిలో 7 శాతం లోపే. ఇదే రకం మందైన రోపినిరోల్‌తోనూ ఇదే గొడవ. రాత్రిళ్లు కాళ్లు లాగేస్తున్నాయని ఈ రెండు మందులూ తక్కువ డోసులో వాడేవాళ్లుంటారు. ఇది వాళ్లూ చదవాలి.

కాబట్టి జీవితమంతా పొదుపుగా బతికిన మనిషి ఆరు నెలల్లో ఇలా మారితే నేను మొదట గుణాన్ని తప్పుపట్టను. మాత్ర ఎప్పుడు మారిందో చూస్తాను. మీరు కూడా ఒక పని చేయండి. ఆయన ఫోన్‌లో పాత ఆర్డర్లన్నీ తేదీలతో సహా ఉంటాయి. డోసు పెంచుకున్నది ఎప్పుడో గుర్తు తెచ్చుకుని పక్కన రాయండి. ఆ కాగితం మీ డాక్టరుకి చాలా పనికొస్తుంది.

ఆ వాచీలతో ఆయన ఏం చేస్తున్నారో మీరు రాయలేదు. నా పేషెంటు ఒకాయన అర్ధరాత్రి గోడ గడియారం విప్పి, మరలన్నీ సైజుల వారీగా న్యూస్‌పేపరు మీద పేర్చి, తెల్లారాక మళ్లీ బిగించేవారు. మర్నాడు మళ్లీ అదే. వాళ్లావిడ ‘రిటైరయ్యాక ఏదో కాలక్షేపం’ అనుకుని ఏడాది పాటు చెప్పలేదు. అదీ ఈ మందుల ప్రభావమే కావచ్చు. వయసులో ఉండగా మీ వారు పేకాట ఆడేవారా? వాళ్ల నాన్నగారికి ఆ అలవాటుందా? ఇప్పుడు ఫోన్‌లో రమ్మీ ఏమైనా ఆడుతున్నారా? ఇవి మీ డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇప్పుడు కాస్త కోప్పడనివ్వండి. ఆ చీటీ మీద తేదీ చూశారా? పద్నాలుగు నెలల కిందటిది! అంటే ఇన్నాళ్లూ పాత చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకుంటున్నారు. వణుకు పెరిగితే డాక్టరుకి చెప్పాలి గానీ, అరమాత్రను ఒకటిగా మనమే చేసుకోవడమేంటి? పైగా దూలగొండి. అది ఆకుపసరు లాంటిదే కదా, ఏం చేస్తుందిలే అనుకుంటారు. దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. పార్కిన్సన్స్‌కి మేం రాసే అసలు మందు అదే. ఏ డబ్బాలో ఎంత ఉందో చెప్పలేం. అంటే ఒక మందు పెంచుకుని, ఇంకో మందు కొలత లేకుండా చెంచాతో వేసుకుంటున్నారన్నమాట. వణుకు తగ్గిందనిపించొచ్చు. దాని బిల్లు ఎక్కడ పడుతోందో మీరే రాశారు.

ఇది చదివి, మీ అబ్బాయి చెప్పినట్టు ఈ రాత్రే అన్నీ ఆపేయకండి. ఈ మాట రెండుసార్లు చదవండి. ప్రమిపెక్సోల్ ఒక్కసారిగా మానేస్తే విపరీతమైన ఆందోళన, చెమటలు, దిగులు రావచ్చు. లెవోడోపా ఉన్నట్టుండి ఆపితే తీవ్ర జ్వరం, ఒళ్లు బిగుసుకుపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్లే ప్రమాదం ఉంది. పొడి విషయం కూడా డాక్టరుకి చెప్పే తగ్గించాలి. చూసిన న్యూరాలజిస్టు మెల్లగా డోసు దించుతారు, అవసరమైతే మందు మారుస్తారు. చాలామందిలో కొన్ని వారాల నుంచి నెలల్లో ఈ కొనే పిచ్చి సర్దుకుంటుంది.

మనిషిని చూడకుండా ఇదే కారణమని నేను తేల్చి చెప్పలేను. నిద్ర లేకపోయినా అలసట లేకుండా, గలగలా మాట్లాడుతూ, పెద్ద పెద్ద ప్లాన్లు చెబుతుంటే అది మేనియా అనే మానసిక జబ్బు కావచ్చు. మొహమాటం పోయి, మతిమరుపు కూడా కనిపిస్తే మెదడు స్కాన్ అవసరం పడొచ్చు. లేనివి కనిపిస్తున్నాయన్నా, ఎవరో కుట్ర చేస్తున్నారన్నా, చచ్చిపోతానన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంట్లో మీకు తట్టుకోలేనంత టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

యాప్‌ల సంగతి. తీసేస్తే మళ్లీ వేసుకుంటారు, పైగా మీ దగ్గర దాచడం మొదలవుతుంది. ఆయన కాస్త స్థిమితంగా ఉన్నప్పుడు, పొద్దున కాఫీ వేళ అనుకోండి, ‘ఇది మందు వల్ల కావచ్చట’ అని చెప్పండి. మాస్టారు కదా, కారణం చెబితే వింటారు. ఒప్పుకుంటే సేవ్ చేసిన కార్డులు తీసేసి, బ్యాంకు యాప్‌లో యూపీఐ లిమిట్ తగ్గించండి. విప్పని పార్సిళ్లలో రిటర్న్ గడువున్నవి ముందు పంపేయండి. లోన్ యాప్ ఏదైనా ఉందేమో మీ అబ్బాయిని చూడమనండి. కౌన్సెలింగ్ వద్దనను, మందు సంగతి తేలాక.

ఈ వారంలోనే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. పాత చీటీ, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు, ఆ పొడి డబ్బా సంచిలో వేసుకోండి. డబ్బా ఫోటో చాలదు, డబ్బానే పట్టుకెళ్లండి.