బోర్డు మీద ఒత్తు విడిపోతే

ప్రశ్న: మాది పర్లాకిమిడిలో ఫ్లెక్స్ షాపు. కాంట్రాక్టరు దారి చూపే బోర్డులు మూడు భాషల్లో డిజైన్ చేసిమ్మన్నారు. నమూనాకి ప్రెస్‌కి ఫైలు పంపితే 'పాతపట్నం'లో ఒత్తు విడిపోయి వచ్చింది. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలండీ?

జవాబు: సైన్‌క్యాడ్, కీసైన్ లాంటివి ఈ పనికోసమే పుట్టినవి, కానీ మొదటిది అమెరికా, రెండోది బ్రిటన్ నిబంధనలకి తగ్గట్టు చేసినవి, అంచేత మీకు అంత డబ్బు పెట్టడం దండగ అంటాను. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ చాలు. అందులో వెక్టర్ గీతలు, అంటే చుక్కలతో కాకుండా లెక్క ప్రకారం గీసేవి కాబట్టి బోర్డు ఎంత పెద్దదైనా అంచులు చెదరవు.

మీ ఒత్తు గొడవ బహుశా ఫాంటుది. పాత డీటీపీ ఫాంటుతో చేసిన ఫైలుని ఆ ఫాంటు లేని మెషిన్‌లో తెరిస్తే అక్షరాలు ఇలాగే విడిపోతాయి. యూనికోడ్‌లో (అన్ని మెషిన్లకీ ఒకటే అయిన అక్షరాల కోడు) టైపు చేయండి, నోటో ఫాంట్లు తెలుగుకీ ఒడియాకీ రెండింటికీ ఉన్నాయి. పంపే ముందు పాత్ మెనూలో 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కితే అక్షరం బొమ్మ అయిపోతుంది, ఇంక ఏ మెషిన్‌లోనూ విడిపోదు. దిద్దుకోడానికి అసలు ఫైలు మాత్రం వేరే దాచుకోండి.

మన ఒత్తులు కిందికి దిగుతాయి కదా, ఇంగ్లీషు వరుసల మధ్య పెట్టిన సందే తెలుగుకి పెడితే కింది వరుసకి తగులుతాయి, వేగంగా వెళ్లే డ్రైవరుకి అది చదవడం నిజంగా కష్టం.

రంగులు, కొలతలు ఐ.ఆర్.సి. 67 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి రోడ్డు బోర్డుల నియమావళి) ప్రకారమే, జాతీయ రహదారికి ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలు. ఆమోదించిన డ్రాయింగు చేతికి రాకుండా ప్రింటుకి వెళ్లకండి.