మాట అర్థం కాకపోయినా చూపించదగ్గవి
రాయగడ సోదరికి: ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే ఐదేళ్ల పాపకు హిందీ, ఇంగ్లీషు రావు, మరి ఇతర దేశాల జీవితాన్ని టీవీలో ఎలా చూపాలని అడిగారు.

మాటలు తక్కువున్న వాటితో మొదలుపెట్టండి. 2009లో వచ్చిన రష్యా కార్టూన్ ‘మాషా అండ్ ద బేర్’లో ఎలుగుబంటి అసలు మాట్లాడదు. మంచు, టీ కాచే సమోవార్ చూస్తూనే తెలిసిపోతాయి. అందులోని చిన్నపిల్ల మాషా అల్లరి మాత్రం మీ పాపకు అంటుకుంటుంది, సిద్ధంగా ఉండండి!

తర్వాత జపాన్ కార్టూన్ ‘డోరేమాన్’, నోబితా అనే బడి పిల్లాడి ఇంట్లో ఉండే రోబో పిల్లి కథ. గుమ్మంలో చెప్పులు విడవడం, చాప మీద కూర్చోవడం మన పిల్లలకు కొత్తేమీ కాదు. పరుపులు దాచే అల్మరాలోనే డోరేమాన్ పడుకోవడం మాత్రం వింత. అక్కడ ఆపి మీరే తెలుగులో కథ చెప్పండి. పక్కింటి పిల్లలుంటే ఒడియాలోనూ. నోబితా మార్కుల గొడవను నేనైతే దాటించేస్తాను.