ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8 అట, పేపర్ పంపమంటారా?

ప్రశ్న: వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ మూడో ఏడాది చేస్తున్నాను. నల్లమల మొక్కల వర్గీకరణ మీద పని. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 5 దాటిన జర్నల్లోనే వెయ్యమంటున్నారు మా గైడ్. మా ట్యాక్సానమీ జర్నళ్లేమో చాలావరకు ఒకటి, రెండు దగ్గరే ఉన్నాయి. ఈలోగా ఒక జర్నల్ నుంచి మెయిల్ వచ్చింది. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 7.8, ఐదు రోజుల్లో ప్రచురణ, ఫీజు 2,500 రూపాయలు. పంపమంటారా?
– ఒక పరిశోధక విద్యార్థిని, కర్నూలు

జవాబు: వద్దమ్మా, పంపకండి. ఐదు రోజుల్లో పేపరును పరీక్షించే ఇద్దరు నిపుణులను, అంటే రివ్యూయర్లను, ఒప్పించడమే కష్టం, వాళ్లు చదవడం తర్వాతి మాట. అసలు ఆ 7.8 ఎవరిచ్చారో అడగండి. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే ఒక జర్నల్ పేపర్లను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉటంకిస్తున్నారో చెప్పే అంకె. దాన్ని ఏటా లెక్కగట్టేది క్లారివేట్ సంస్థ. ఆ పేరుకే ముందో వెనకో ఒక మాట తగిలించి, తోచిన అంకె వేసిచ్చే దుకాణాలు వేరే ఉన్నాయి. క్లారివేట్ మాస్టర్ జర్నల్ లిస్ట్‌లో ఆ జర్నల్ ఐఎస్‌ఎస్‌ఎన్ (గుర్తింపు) నంబరు కొట్టి చూడండి, ఉచితమే. దొరికినా తొందరపడొద్దు. అక్కడున్న ప్రచురణకర్తా, మీకు మెయిల్ పెట్టినవాళ్లూ ఒకరేనా? మంచి జర్నల్ పేరునూ నంబరునూ కాజేసి నకిలీ సైటు నడిపేవాళ్లున్నారు.

ఆ మధ్య ఒకమ్మాయి ఇలాంటి సంచికే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. విషయసూచికలో వేపాకు రసం మీద పేపరు, దాని కిందే గ్రామీణ బ్యాంకుల మొండి బకాయిలు, ఆ కింద ద్రౌపది పాత్రచిత్రణ. అందరికీ బంగారు అంచు సర్టిఫికెట్లు. ఇంటర్వ్యూలో దాన్ని బయటికి తీయాలా, దాచుకోవాలా అన్నదే ఆ పిల్ల సందేహం.

ఇక మీ గైడ్ అడిగే 5 సంగతి. జర్నల్ గత రెండేళ్లలో వేసిన పేపర్లను ఈ ఏడాది ఎన్నిసార్లు ఉటంకించారో లెక్కపెట్టి, ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఇంపాక్ట్ ఫ్యాక్టర్. క్యాన్సర్ పరిశోధనలో పేపరు పడ్డ ఆర్నెల్లకే పదిమంది ఉటంకిస్తారు. మీరు వర్ణించిన మొక్క ఇరవై ఏళ్ల తర్వాత ఎవరికో అవసరపడుతుంది. అప్పుడైనా మొక్క పేరు పక్కన మీ పేరు రాస్తారు గానీ, మీ పేపరును రిఫరెన్సుల్లో చేర్చేవాళ్లు తక్కువ. లెక్కలోకే రాని గౌరవమది.

2020లో జూటాక్సాకు ఏమైందో మీ గైడ్‌కు గుర్తుచేయండి. జంతు వర్గీకరణలో అంత పెద్ద జర్నల్‌ను, తన పేపర్లను తానే ఎక్కువగా ఉటంకిస్తోందంటూ క్లారివేట్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జాబితా నుంచి తప్పించింది. కొత్త జాతుల వర్ణనలు అన్నన్ని అక్కడే పడుతుంటే మరెక్కడివి ఉటంకిస్తారు? శాస్త్రవేత్తలు గొడవ చేశాక కొన్ని వారాలకే మళ్లీ చేర్చింది. ఇంకో తమాషా చూడండి. స్ఫటికశాస్త్ర జర్నల్ ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ‘ఎ’ విభాగానికి 2008లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 చిల్లర. 2009లో దాదాపు 50! స్ఫటికాల నిర్మాణాన్ని తేల్చే షెల్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ గురించి 2008లో ఒక్క పేపరు వచ్చింది, ఆ సాఫ్ట్‌వేర్ వాడినవాళ్లందరూ దాన్ని ఉటంకించారు, అంతే. 2011కల్లా మళ్లీ 2 దగ్గరికొచ్చింది. మధ్యలో అందులో రాసిన మిగతావాళ్లు రాత్రికి రాత్రి పాతికరెట్లు మేధావులైపోయారా?

క్వార్టైల్ (ఒక రంగంలోని జర్నళ్లను ఇంపాక్ట్ ఫ్యాక్టర్ వరసలో నాలుగు భాగాలు చేసి ఇచ్చే స్థానం) చూద్దామంటారేమో. ప్లాంట్ సైన్సెస్ గంపలో మిమ్మల్నీ, మొక్కల జన్యువుల మీద పనిచేసేవాళ్లనూ కలిపే వేస్తారు, అక్కడా మీరు కిందే ఉంటారు. ట్యాక్సానమీ జర్నళ్లను వాటిలో వాటినే పోల్చి ఒక చిన్న పట్టిక చేసి గైడ్‌కు చూపించండి. వాదన కన్నా అదే పనిచేస్తుంది. మీ యూనివర్సిటీ నిబంధనల్లో ఏముందో కూడా చదవండి. థీసిస్‌కు ముందు పేపరు తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022లోనే తీసేసింది, కానీ కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతాయి. యూజీసీ ఆమోదించిన జర్నళ్ల కేర్ జాబితా కూడా 2025లో పోయింది కాబట్టి మంచిచెడ్డలు చూసుకునే భారం మీదీ మీ విభాగానిదీ.

మీ డ్రాఫ్ట్ చివరి రిఫరెన్సులు తీసి, ఏ జర్నల్ పేరు ఎక్కువసార్లు వచ్చిందో పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి. మీ పని చదివేవాళ్లు అక్కడే ఉన్నారు. అది మొక్కల వర్గీకరణ జర్నల్ ఫైటోటాక్సా అయితే, ఓపెన్ యాక్సెస్ (అందరూ ఉచితంగా చదివేలా వేయడం) కోరనంతవరకు ఫీజు కూడా ఉండదు.