నీలం పంపు కొడితే తగ్గుతోంది, మళ్లీ ఎందుకొస్తోంది?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా ఆయన రైస్‌మిల్లులో హమాలీ. పగలు బాగానే ఉంటాడు. అర్ధరాత్రి దాటితే దగ్గు, పిల్లికూతలు, దమ్ము. నీలం పంపు కొడితే తగ్గుతుంది. రోజూ పీల్చమని డాక్టరు ఇంకో పంపు రాశారు గానీ, అలవాటవుతుందని ముట్టుకోవడం లేదు. రక్తంలో ఈసినోఫిల్స్ 11 శాతం ఉన్నాయన్నారు. అదేం జబ్బండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: జబ్బు కాదమ్మా, అవి తెల్ల రక్తకణాల్లో ఒక రకం. మామూలుగా 6 శాతం లోపు ఉంటాయి. ఒంట్లో చేరిన పురుగుల మీద పడటం వాటి పని. ఉబ్బసం ఉన్న చాలామందిలో మాత్రం ఊపిరి గొట్టాల్లోకి చేరి అక్కడే తిష్ట వేస్తాయి.

మిల్లు దుమ్ము పడనివాళ్లలో, అది తగిలిన నిమిషాల్లోనే గొట్టాల గోడల్లోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే, గొట్టాలను బిగించే రసాయనాన్ని వదులుతాయి. ఆ పూటకి పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. టీ కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల పిలుపు మీద ఈసినోఫిల్స్ వచ్చి చేరేసరికి 4 నుంచి 8 గంటలు పడుతుంది. మీ ఆయనకు అర్ధరాత్రి అవుతున్నది అందుకే కావచ్చు. పైగా ఉబ్బసం ఎవరికైనా రాత్రే ఎక్కువ. లోపలి పొర వాచి, తెమడ పేరుకుని ఉన్నప్పుడు అగరొత్తి పొగకీ, చల్లగాలికీ, గట్టిగా నవ్వినా దగ్గు తెరలు తెరలుగా వస్తుంది.

నీలం పంపులోని సాల్బుటమాల్ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, అంతే. ఈసినోఫిల్స్ జోలికి పోదు. వాటిని తగ్గించేది రెండో పంపు. రోజూ పీల్చేదాంట్లో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది, అదీ మైక్రోగ్రాముల్లో. పూర్తి గుణం కనపడాలంటే వారాలు పడుతుంది. ఈలోపే మనవాళ్లు పనిచేయట్లేదని మూలన పడేస్తారు! అలవాటు గురించి నా టెన్షన్ అంతా నీలం పంపుతోనే. అది నెలకొకటి ఖాళీ అవుతుంటే ప్రమాదం. రెండోది పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయమనండి, లేకుంటే నోట్లో తెల్లపూత వస్తుంది.

ఇంకోటి, నల్లగొండ వాళ్లకి తప్పక చెబుతాను. మనది బోదకాలు ఉన్న ప్రాంతం. ఆ క్రిమి వల్ల కూడా కొందరికి అచ్చం ఇలాగే రాత్రి దగ్గు, పిల్లికూతలు వస్తాయి. దాని మందు వేరు. శాతం చూస్తే తేలదు, మైక్రోలీటరు రక్తంలో ఈసినోఫిల్స్ ఎన్ని ఉన్నాయో చెప్పే ఏఈసీ అనే లెక్క చేయించండి. 3,000 దాటితే ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. వందల్లోనే ఉంటే ఆ అనుమానం చాలావరకు తీరినట్టే.

తువ్వాలు చుట్టుకుంటే సన్న దుమ్ము ఆగదు, ఎన్-95 మాస్కు కావాలి. బస్తా భుజాన ఉంటే దాంతో ఊపిరాడదంటాడు, అదీ నిజమే. ధాన్యం గుమ్మరించే చోటు తప్పించి, బియ్యం బస్తాలు లారీకెత్తే వైపు వేయమని మేస్త్రీని అడగమనండి.