సంక్రాంతికి ఊరు వెళ్లని స్నేహితులను కనుమ భోజనానికి పిలిస్తే

ఈసారి సంక్రాంతికి ఊరు వెళ్లలేకపోతున్నామని, మీలాగే హైదరాబాద్‌లో ఉండిపోయిన పదిహేను మంది స్నేహితులను ఇంటికి పిలవాలని ఉందని రాశారు. ఇద్దరూ ఉద్యోగస్తులు, రెండు బెడ్రూముల ఫ్లాట్, హడావుడి లేకుండా ఎలా అని అడిగారు. మేం కూకట్‌పల్లిలో నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాం. మొదటి ఏడాది చాలా తప్పులు చేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

భోగికీ సంక్రాంతికీ కాకుండా కనుమకి పిలవండి. భోగి పొద్దున తలంట్లు, సంక్రాంతి రోజు పెద్దలకు బట్టలు పెట్టుకోవడం, ఇలా ఎవరింట్లో వాళ్లకి పనులుంటాయి. కనుమకి ఆ తొందర ఉండదు. మాంసం తినే ఇళ్లలో వండుకునేదీ ఆ రోజే. పైగా కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, ఎవరూ ప్రయాణం పెట్టుకోరు. నాలుగింటికే లేచి వెళ్తామనేవాళ్లను ఆ మాట చెప్పే ఇంకో రెండు గంటలు కూర్చోబెడతాను.

మొదటి ఏడాది పదకొండు రకాలు చేశాను. మాది తణుకు దగ్గర పల్లెటూరు, మా ఇంట్లో పండగంటే అన్ని వంటలూ ఉండాల్సిందే. పన్నెండింటికి మూకుడు ముందు నిలబడితే మూడింటిదాకా గారెలు వేస్తూనే ఉన్నాను. హాల్లో అందరూ నవ్వుకుంటున్నారు, నాకు మాటలు సగం సగం వినబడుతున్నాయి. వచ్చినవాళ్లలో ఒకమ్మాయిది శ్రీకాకుళం వైపు. ఆసుపత్రిలో నర్సు. కొత్త ఉద్యోగం, సెలవు దొరకలేదు, ఇల్లు వదిలి చేసుకున్న మొదటి సంక్రాంతి అదే. రెండుసార్లు వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. రెండుసార్లూ "కూర్చోమ్మా, వచ్చేస్తున్నా" అన్నాను. నేను చేయి కడుక్కుని బయటికొచ్చేసరికి డ్యూటీకి వెళ్లిపోయింది. తనతో పది మాటలు కూడా మాట్లాడలేదని రాత్రి గిన్నెలు సర్దుతుంటే గుర్తొచ్చింది. చాలా బాధేసింది.

అందుకే రెండో ఏడాది నుంచి గారెలు తప్ప మిగతా వంటంతా పదకొండింటికల్లా పొయ్యి మీద నుంచి దిగిపోవాలని పెట్టుకున్నాం. వంటలు కూడా ఆరుకి తగ్గించాం: గారెలు, నాటుకోడి పులుసు, గుత్తివంకాయ, పులిహోర, అన్నం, పెరుగు. స్వీట్లు ఇంట్లో చేయను. అరిసెలు ఎవరో ఒకరికి ఊరి నుంచి వస్తాయి, రాకపోతే కొనుక్కుంటాం.

నాటుకోడికి రెండు రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. కనుమ పొద్దున కొట్టు దగ్గర నిలబడటానికి కూడా చోటుండదు. పదిహేను మందికి శుభ్రం చేశాక మూడున్నర కిలోలు ఉంటే మాకు సరిపోయింది, గారెలూ ఉన్నాయి కదా. ధనియాలు, గసగసాలు, ఎండుకొబ్బరి వేయించి మసాలా ముందు రోజే కొట్టుకోండి. నాటుకోడి ఫారం కోడిలా తొందరగా ఉడకదు. ఎనిమిదింటికి పొయ్యి మీద పెట్టి సన్న సెగ మీద వదిలేస్తే పదకొండింటికల్లా ముక్కకి పులుసు పడుతుంది. పులుసు కాస్త పలచగానే ఉంచండి, గారె మునగాలి.

మినప్పప్పు ఐదింటికి నానబెడితే పదింటికి రుబ్బుకోవచ్చు. కిలో పప్పుకి మాకు అరవై పైచిలుకు గారెలు వస్తాయి. నీళ్లు పోయకుండా చిలకరిస్తూ రుబ్బాలి. చిన్న ముద్ద నీళ్ల గిన్నెలో వేస్తే తేలిందంటే పిండి సరిగ్గా ఉన్నట్టు. ఉప్పు మాత్రం సరిగ్గా గారెలు వేసే ముందు కలపండి, చాలాసేపటి ముందే కలిపితే పిండి జారైపోయి నూనె తాగుతుంది. మొదటి వాయి తీసి పెరుగులో వేసేయండి, మాంసం తిననివాళ్లకి పెరుగు గారెలు అవుతాయి. వాళ్లకి గిన్నెలు, గరిటెలు వేరుగా, బల్ల కూడా వేరుగా పెట్టండి. అడిగి తెలుసుకునే పని వాళ్లకి ఉండకూడదు.

ఇక గారెలు వేయడం నా ఒక్కదాని పని కాదు. మూకుడు దగ్గర ఇద్దరిద్దరు నిలబడతారు, ఒకరు తడి చేత్తో తట్టి వేస్తే ఒకరు తీస్తారు, పావుగంటకి మనుషులు మారతారు. మా ఆయన స్నేహితుల్లో జీవితంలో పొయ్యి ముట్టించనివాళ్లు కూడా ఇప్పుడు చిల్లు పెట్టి మరీ వేస్తున్నారు. కబుర్లన్నీ అక్కడే నడుస్తాయి. వేడి గారె తట్టలో నుంచి తీసి పులుసులో ముంచుకుని నిలబడే తింటారు. చిన్నపిల్లల్ని మాత్రం వంటింట్లోకి రానివ్వకండి, నూనె మూకుడు ఉంది.

రెండో ఏడాది సరిగ్గా మూడో వాయికి గ్యాస్ అయిపోయింది. రెండో సిలిండర్ లేదు. పక్క ఫ్లాట్ అక్క వాళ్ల సిలిండర్ ఇచ్చి ఆదుకుంది. పండగ వారంలో బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో చెప్పలేం, కాబట్టి జనవరి మొదట్లోనే చూసుకోండి. ఇంట్లో పనిచేసే ఆమె కూడా ఊరెళ్తుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి. అందుకే మేం విస్తరాకుల్లో పెడతాం. స్టీలు గ్లాసులకి పేర్లు రాసిన కాగితం అంటిస్తే ఒక్కొక్కరూ నాలుగు గ్లాసులు వాడరు.

"ఏం తేవాలి" అని అడిగితే ఏమీ వద్దనకండి. వద్దంటే అందరూ స్వీటు డబ్బాలే తెస్తారు. ఎవరికేది వచ్చో అది చెప్పండి. మా వరంగల్ స్నేహితురాలు సకినాలు తెస్తుంది. వాళ్లమ్మ బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి గుడ్డ మీద చేత్తో చుట్టి పంపినవి, కొట్టులో ఆ రుచి రాదు. అనంతపురం ఆయన హాట్‌బాక్సులో రాగి సంకటి పట్టుకొస్తాడు. నాటుకోడి పులుసుకి గారె జతా, సంకటి జతా అని ఏటా వాదన నడుస్తుంది. నా ఓటు గారెకే. వంట రాని కుర్రాళ్లకి పెరుగు, ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా, ఐస్‌క్రీమ్ అప్పజెప్పండి. ఖాళీ చేతులతో రాలేదన్న తృప్తి వాళ్లకీ ఉంటుంది.

మందు సంగతి ముందే తేల్చి చెప్పండి. పిల్లలు, ఒకరిద్దరి అమ్మానాన్నలు కూడా వస్తారు కాబట్టి మేం పెట్టం, పిలిచేటప్పుడే చెప్పేస్తాం. ఇప్పటిదాకా ఎవరూ నొచ్చుకోలేదు.

ఇల్లు చిన్నదని టెన్షన్ పడకండి. సోఫాలు గోడకి జరిపి చాపలు, దుప్పట్లు పరిస్తే పదిహేను మంది హాయిగా పడతారు. ఒక బెడ్రూమ్ మాత్రం ఖాళీగా ఉంచండి, పిల్లల్ని పడుకోబెట్టాలన్నా, తిన్నాక ఎవరైనా నడుం వాల్చాలన్నా కావాలి. చెప్పులకి బయట ఒక పాత దుప్పటి పరవండి.

ఆటలకి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. కనుమకి మా వైపు రథం ముగ్గు వేసి, దాని తాడుని పక్కింటి ముగ్గుకి కలుపుతారు. పిల్లలకి చాక్‌పీసులిస్తే కారిడార్‌లో మా గుమ్మం నుంచి పక్క ఫ్లాట్ గుమ్మం దాకా తాడు గీసుకుంటూ పోతారు. పోయినసారి లిఫ్టు దాటి చివరి ఫ్లాట్ దాకా వెళ్లింది. అక్కడ ఒంటరిగా ఉండే పెద్దాయన తలుపు తీసి చూసి, పిల్లల వెంటే మా ఇంటికి వచ్చారు. గారెలు తిని వెళ్లారు.

పెద్దవాళ్లకి భోజనాలయ్యాక తంబోలా. పది రూపాయల టికెట్టు, ఒకటి నుంచి తొంభై దాకా అంకెలు, ఎవరికైనా వస్తుంది. ఒకళ్లిద్దరు డాబా మీదికి గాలిపటాలు పట్టుకెళ్తారు. ఏమీ ఆడకుండా కూర్చునేవాళ్లని లేపకండి, వాళ్లు నిజంగానే బాగున్నారు. ఐదింటికి అల్లం టీ పెట్టండి. సర్దడం మొదలవుతున్నట్టు అందరికీ తెలుస్తుంది, చెప్పక్కర్లేకుండానే తలా ఒక చేయి వేస్తారు.

మిగిలినవి ఇచ్చి పంపడానికి మూతలున్న డబ్బాలు ముందే కొని పెట్టుకోండి. ఆ నర్సమ్మాయి ఇప్పుడు పదింటికే వచ్చి పిండి రుబ్బడంలో సాయం చేస్తుంది, మధ్యాహ్నం దాకా ఇద్దరం అవీ ఇవీ మాట్లాడుకుంటూనే ఉంటాం. పోయిన కనుమకి రాత్రి డ్యూటీ ఉందంటే వార్డులో వాళ్లందరికీ అని ఇరవై గారెలు డబ్బాలో పెట్టి పంపాను. వారం తర్వాత డబ్బా తిరిగి తెచ్చింది, నిండా పలాస జీడిపప్పు.