పేషెంటును చూడని డాక్టరా? ఆదోని తండ్రికి జవాబు

ప్రశ్న: మాది ఆదోని. పత్తి కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తాను. మా అమ్మాయి కర్నూలు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చదివి, ఈ మధ్యే హౌస్ సర్జన్సీ ముగించింది. నీట్ పీజీలో వచ్చిన ర్యాంకుకు గైనకాలజీ రాదు, పాథాలజీ గానీ మైక్రోబయాలజీ గానీ వస్తుందంటున్నారు. ఇంకో ఏడాది కోచింగ్ తీసుకోమ్మా అంటే వినడం లేదు. సర్జరీ వార్డులో ఒక రైతు పాదం పుండులోంచి నల్లటి గింజలు రావడం చూసిందట. అప్పట్నుంచి అరుదైన జబ్బుల మీద, గడ్డల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. పేషెంటును చూడని డాక్టరుకు ఊళ్లో ఏం గౌరవం ఉంటుంది? మైక్రోస్కోపు ముందు కూర్చుంటే సంసారం గడుస్తుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, మీ అమ్మాయి చూసిన ఆ నల్ల గింజల జబ్బు మా ఇంట్లోకీ వచ్చింది. కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

మా చిన్నాన్నది పత్తికొండ దగ్గర పల్లె. నల్లరేగడి చేలో చెప్పుల్లేకుండా తిరిగే మనిషి. ఎప్పుడో తుమ్మముల్లు దిగింది, తీసేసి మరిచిపోయాడు. కొన్నేళ్లకు పాదం గట్టిగా వాచింది. నొప్పి పెద్దగా లేదు, అందుకే పట్టించుకోలేదు. తర్వాత అక్కడక్కడా చిల్లులు పడి చీము, చీముతో పాటు నువ్వుగింజల్లాంటి నల్లటి పలుకులు రావడం మొదలైంది. ఒక ఆసుపత్రిలో మామూలు చీముగడ్డ అనుకుని రెండుసార్లు కోశారు. నెలల తరబడి యాంటీబయాటిక్ మాత్రలు మింగించారు. మూడోసారి కోసినప్పుడు తీసిన ముక్కనంతా, అది పాడవకుండా ఉంచే ఫార్మలిన్ మందు సీసాలో వేసేశారు. ఫార్మలిన్‌లో పడితే క్రిములు చచ్చిపోతాయి, ఇక కల్చర్ చేయడానికి, అంటే ల్యాబులో క్రిములను పెంచి చూడటానికి ఏమీ మిగలదు. చివరికి ఆ ముక్కను పలచగా కోసి చేసిన స్లైడును మైక్రోస్కోపులో చూసిన ఒక పాథాలజీ డాక్టరమ్మ ఇది బ్యాక్టీరియా కాదు, ఫంగస్ అని తేల్చింది. అప్పుడు మందు మారింది, సరైన ఆపరేషన్ జరిగింది. కాలు దక్కింది, రెండు వేళ్లు పోయాయి. ఆ డాక్టరమ్మ ముఖం మా చిన్నాన్న ఎప్పుడూ చూడలేదు. ఆమె మాత్రం ఆయన పాదంలో ఉన్నదేమిటో అందరికంటే ముందు చూసింది.

ఆ జబ్బు పేరు మైసెటోమా. దీన్నే మదురా ఫుట్ అని కూడా అంటారు. 1842లో మదురైలో పనిచేసిన జాన్ గిల్ అనే డాక్టరు దీని గురించి రాశాడు కాబట్టి ఆ పేరు నిలిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది మాత్రం 2016లో. ఒకే రకంగా కనిపించే ఈ వాపు కొందరికి ఫంగస్ వల్ల వస్తుంది, కొందరికి బ్యాక్టీరియా వల్ల. బ్యాక్టీరియా అయితే నెలల పాటు యాంటీబయాటిక్స్ వాడితే చాలామందికి నయమవుతుంది. ఫంగస్ అయితే ఆ మందులు పనిచేయవు, ఫంగస్ మందులు వాడాలి, తరచు సర్జరీ కూడా చేయాలి. గింజ నల్లగా ఉంటే దాదాపు ఫంగసే, ఎర్రగా ఉంటే బ్యాక్టీరియా. తెల్లగా ఉంటే రెండింట్లో ఏదైనా కావచ్చు, అది తేల్చేది ల్యాబే. పేషెంటును చూడని డాక్టరు అని మీరు రాశారు చూడండి, ఆ మాట దగ్గరే మీతో నాకు పేచీ.

ఇంకో ఉదాహరణ. పదేళ్ల పిల్లాడికి తొడ ఎముక దగ్గర వాపు, జ్వరం. ఎముకలో చీము పట్టిందనుకుంటారు, రక్త పరీక్షలు కూడా అలాగే కనిపిస్తాయి. ఒక్కోసారి అది ఈవింగ్ సార్కోమా అనే అరుదైన ఎముక క్యాన్సర్ అవుతుంది. 1921లో జేమ్స్ ఈవింగ్ వర్ణించిన జబ్బు. చీము అనుకుని వారాలు గడిపితే ఆ పిల్లాడి ప్రాణం మీదికొస్తుంది. తిరగేసి కూడా జరుగుతుంది: స్కాన్‌లో క్యాన్సరే అనిపించిన వెన్నెముక వాపు, ముక్క తీసి చూస్తే టీబీ. అందుకే తెలిసిన సర్జన్ తీసిన ముక్కను రెండు చేస్తాడు. ఒకటి ఫార్మలిన్‌లో పాథాలజీకి, ఇంకొకటి సెలైన్‌లో మైక్రోబయాలజీకి. మా చిన్నాన్న విషయంలో జరగనిది ఇదే.

మీ అమ్మాయి మనసులో ఉన్నది అరుదైన గడ్డలూ అరుదైన ఇన్ఫెక్షన్లూ రెండూ అయితే నా ఓటు పాథాలజీకి. రెండూ కలిసే చోటు అదే. ముక్కులో స్ట్రాబెర్రీ పండులా పెరిగే రైనోస్పోరిడియోసిస్ తీసుకోండి. చెరువు నీళ్లలో స్నానాలు చేసేవాళ్లలో, దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఎక్కువగా చూస్తారు. దాని క్రిమి ల్యాబులో మామూలు కల్చర్‌లో పెరగదు, స్లైడు మీద చూసి చెప్పాల్సిందే. అలాగే గొర్రెలూ కుక్కలూ కలిసి తిరిగే మన సీమ పల్లెల్లో డాక్టర్లు కాలేయంలో నీటితిత్తి కనిపిస్తే హైడాటిడ్ సిస్టేమోనని ముందే అనుమానిస్తారు. అది గడ్డలా కనిపించే పురుగు జబ్బు. ఆలోచించకుండా సూది గుచ్చితే తీవ్రమైన అలెర్జీతో ప్రాణాపాయం రావచ్చు. అయితే క్రిములను పెంచడం, మందులకు అవి లొంగుతాయో లేదో చూడటం, ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్లు పాకకుండా ఆపడం ఆమెకు ఎక్కువ ఇష్టమైతే మైక్రోబయాలజీయే సరైనది. ఈ తేడా ఆమెనే అడగండి. మీరు తేల్చొద్దు, నేనూ తేల్చను.

ఒక మాట ఆమెకు కూడా చెప్పాలి. అరుదైన జబ్బుల మీదే పనిచేస్తానంటే మొదటి మూడేళ్లలో కుదరదు. రోజూ వచ్చేవి థైరాయిడ్ గడ్డలు, గర్భసంచులు, అపెండిక్స్‌లు, రొమ్ము గడ్డలు, సూదితో కణాలు తీసి గాజుపలక మీద పూసిన స్మియర్లు. వేలకొద్దీ మామూలు స్లైడ్లు చూసిన కంటికే ఒకరోజు 'ఇది వాటిలాంటిది కాదే' అని తడుతుంది. సర్జరీలో తీసిన అవయవాన్ని బల్ల మీద పెట్టి కోసి, ఏ ముక్కలు పరీక్షకు వెళ్లాలో నిర్ణయించే పనిని గ్రాసింగ్ అంటారు. ఫార్మలిన్ వాసన మధ్య గంటల తరబడి నిలబడి చేయాలి. అది నచ్చకపోతే స్లైడు అందంగా ఉందని ఈ బ్రాంచి తీసుకోకూడదు.

అందుకే కాలేజీ ఎంచుకునేటప్పుడు ఊరి పేరు చూడొద్దు. అక్కడి జూనియర్ డాక్టర్లకు ఫోన్ చేసి కనుక్కోమనండి: రోజుకు ఎన్ని బయాప్సీలు వస్తాయి, గ్రాసింగ్ పీజీల చేత చేయిస్తారా, గడ్డ ఏ రకమో తేల్చే ప్రత్యేక రంగుల పరీక్ష ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అక్కడే చేస్తారా బయటికి పంపుతారా, ఫంగస్ కల్చర్ జరుగుతుందా, సర్జన్లతో కలిసి కేసుల మీద చర్చ ఉంటుందా. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీకి పెద్దాసుపత్రి అండ ఉంది, చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం వస్తారు. పెద్ద నగరం కాదని దాన్ని తక్కువ చేయొద్దు. ఆమె వెతుకుతున్న జబ్బులు చెప్పుల్లేని కాళ్లతో వచ్చేది ఇలాంటి ఆసుపత్రులకే. అనంతపురం, కడప కాలేజీలకూ ఇవే ప్రశ్నలు వేసి, జవాబులు పోల్చి చూసుకోండి.

సంపాదన గురించి. గైనకాలజీ డాక్టరు స్థాయిలో ప్రాక్టీసు రాబడి మొదట్లో రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ పనికి లోటుండదు. ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన డాక్టరే సంతకం చేయాలన్న మెడికల్ కౌన్సిల్ వైఖరి సరైనదేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మెడికల్ కాలేజీల్లో టీచింగ్, కార్పొరేట్ ఆసుపత్రులు, సొంత ల్యాబు, అన్ని దారులూ ఉన్నాయి. ఆమె కోరుకునే పనికి మాత్రం ఎండీ తర్వాత ఇంకొంత చదువు కావాలి. క్యాన్సర్ పాథాలజీలో డీఎం అనే పై డిగ్రీ, ఫెలోషిప్‌లు ఉన్నాయి. 1941 నుంచి నడుస్తున్న ముంబై టాటా మెమోరియల్, మనవాళ్లు రైలెక్కి వెళ్లే వేలూరు సీఎంసీ ఆసుపత్రి లాంటి చోట్ల సీనియర్ రెసిడెన్సీ, అంటే ఎండీ తర్వాత ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే ఉద్యోగం చేస్తే కన్ను పదునెక్కుతుంది.

కోచింగ్ సంగతికొస్తే, గైనకాలజీ ఆమె కోరిక కాదు, మీ కోరిక. ఆ కోరిక కోసం ఆమె ఏడాది ఖర్చు చేయడం నాకు సమ్మతం కాదు. ఆమెకే మనసులో ఊగిసలాట ఉంటే అది వేరే సంగతి, అప్పుడు ఆగొచ్చు. సీటు తీసుకుని మధ్యలో వదిలేస్తే జరిమానా నిబంధనలు ఉంటాయి, కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో ఆ పేజీ మీరిద్దరూ కలిసి చదవండి.

రీసెర్చ్ అంటే ఎక్కడో దూరాన ఉండేదేమీ కాదు. ఎండీలో ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాల్సిందే. ఆ రైతు కేసునే ఆమె ఇప్పుడు రాయొచ్చు. యూనిట్ పెద్ద డాక్టరును కలిసి, అనుమతి తీసుకుని, ఆ రైతుకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకోవాలి. ఆయన పేరు, ఊరు, ముఖం ఎక్కడా రాకూడదు. పాదం ఫొటోలు ఫోన్లో ఉంటే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దని చెప్పండి. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే పత్రికల జోలికి పోవద్దు.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఒకరోజు దుకాణానికి సెలవు పెట్టి ఆదోని నుంచి కర్నూలుకు రండి. పాథాలజీ విభాగంలో ఆమె ప్రొఫెసర్‌ను అడిగితే ఆ రైతు స్లైడు చూడనిస్తారేమో. చూడనిస్తే మైక్రోస్కోపు ముందు మీరు కూర్చోండి, ఆ నల్ల గింజ ఏమిటో మీ అమ్మాయినే చెప్పనివ్వండి.